నలభై ఒక్క సీసాల నీళ్ళు

సార్ మీటింగులో ఉన్నారు, కూర్చోమన్నాడు అటెండరు పుల్లయ్య తాత. కూర్చున్నాను. మార్కాపురంలో ఈ కాలేజీకి వచ్చిన మూడేళ్ళూ కూర్చున్న బల్లే ఇది, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు తలుపు పక్కన, ఒక కాలు పొట్టి, అటు వాలితే ఇటు లేస్తుంది. ఇంకో గంట కూర్చుంటే ఏం పోతుందిలే అనుకోవడానికి ఈ రోజు వీల్లేదు. ఇప్పుడు మూడూ ఇరవై. ఐదింటికి వెబ్‌సైటు మూసేస్తారు. ఎంట్రెన్సు పాసయ్యాను, పది రోజుల్లో హైదరాబాదులో ఎమ్మెస్సీ ఇంటర్వ్యూ, దానికి ముందు నాకు పాఠం చెప్పిన అధ్యాపకుడు ఒకరు నా గురించి రాసిన సిఫారసు ఉత్తరం అప్‌లోడ్ చేయాలి. ఆ అధ్యాపకుడు శ్రీకాంత్ సార్. లోపల ఎవరితోనో నవ్వుతున్నారు, తలుపు సందులోంచి వినబడుతోంది. నవ్వండి సార్. పొద్దున తొమ్మిదిన్నర దాకా ఆ నవ్వు వింటే నాకూ నవ్వొచ్చేది. తొమ్మిదిన్నరకు ప్రియదర్శిని ఫోటో పంపింది. అప్పటి నుంచి నా లోపల ఏదో సెగ మీద పెట్టిన గిన్నెలా తెర్లుతూనే ఉంది, దింపేవాళ్ళు లేరు.

ప్రియదర్శిని నా క్లాస్‌మేటు, ఇప్పుడు విజయవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తోంది. అక్కడ జరిగిన సెమినారు పుస్తకాల కట్ట విప్పుతుంటే దొనకొండ అనే మాట కనబడిందట. మన ఊరి పేరు పుస్తకంలో ఉందే అని సంబరపడి ఫోటో తీసి నాకు పంపింది. దొనకొండ మెట్ట గ్రామాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు, అని పరిశోధన పేపరు పేరు. దాని కింద ఒకే ఒక్క మనిషి పేరు, శ్రీకాంత్ సార్‌ది. అది చూసి మొదట నేనూ సంబరపడ్డాను, అదే నాకు ఎక్కువ మంటగా ఉంది. సార్ పేపరు వచ్చింది అనుకున్నాను, వేలితో జరిపి పట్టిక చూశాను, నలభై ఒక్క వరుసలు. మొదటి వరుస, చర్చి ముందు చేతి పంపు, లీటరుకు రెండు పాయింట్ ఎనిమిది మిల్లీగ్రాములు. పదిహేడో వరుస, పొగాకు కాల్చే బేరను వెనక బోరు, నాలుగు పాయింట్ ఆరు. ఆ అంకెలు నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. మా అమ్మ చేతి గీతలకన్నా బాగా తెలుసు నాకు అవి. ఒక్క అంకె మార్చలేదు, వరుస కూడా మార్చలేదు, నేను సైకిలు మీద ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయానో అదే వరుస. చివర్లో సన్న అక్షరాల్లో, సహకరించిన విద్యార్థులకు కృతజ్ఞతలు అని ఉంది. విద్యార్థులు! అంత మంది ఎక్కడున్నారు సార్? నేనొక్కదాన్నే కదా. ఆ బహువచనంలో నన్ను కలిపి కరిగించేశారు, సాల్టు కరిగించినట్లు.

నవంబరు నుంచి మార్చి దాకా, ఐదు నెలల ఆదివారాలు. ఆదివారం ఆరాధనకు రాలేదని పాస్టరమ్మగారు మా అమ్మను అడిగితే, నీళ్ళకు పోయింది అంది మా అమ్మ. నీళ్ళకే పోయాను. నీళ్ళు పట్టడానికి గాజు సీసాలు పనికిరావు, ఫ్లోరైడు గాజును పట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది, ప్లాస్టిక్కువే కావాలి. ల్యాబులో రేణుక మేడం చెప్పిన మొదటి మాట అది. మార్కాపురంలో తాగునీళ్ళు పరీక్ష చేసే సర్కారు ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది, సార్ ఫోన్ చేసి చెప్తే నా సీసాలకు ఫ్లోరైడు కొలిచే మీటరు పెట్టింది. కొత్త సీసాలు ఎక్కడ తేను? కల్యాణ మంటపాల వెనక పడేసిన అర లీటరు నీళ్ళ సీసాలు ఏరుకొచ్చి, అడుగున నిమ్మకాయ గింజలు, సగం కాలిన సిగరెట్లు ఉంటే గీకి, అమ్మా నేనూ ఇంటి ముందు కూర్చుని కడిగేవాళ్ళం, చివర డిస్టిల్డు వాటరుతో ఒకసారి. ఒక్కో సీసాకు ప్లాస్టరు ముక్క, దాని మీద ఊరు, బోరు, తేదీ, టైము, నా చేతిరాత. కంది చేలల్లో దారి లేక సైకిలు భుజాన మోశాను. ఒక ఊళ్ళో కుక్కలు తరిమితే సంచి గుండెలకు పట్టుకుని పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది, సీసా ఒక్కటి ఒలకలేదు. పేపర్లో ఏముందో తెలుసా? నమూనాలు శుభ్రమైన గాజు సీసాల్లో సేకరించబడ్డాయి. గాజు సీసాలు! దొంగతనం చేసే మనిషి ఏం దొంగిలిస్తున్నాడో అదన్నా చూసుకోవాలి కదా. ఏదో పుస్తకంలోంచి ఆ వాక్యం ఎత్తి పెట్టారు. ఒక్క ఆదివారం, ఒక్కటంటే ఒక్కటి, నా వెంట వచ్చి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

పుల్లయ్య తాత టీ ఫ్లాస్కు పట్టుకుని లోపలికి పోయాడు, తలుపు తెరుచుకున్నప్పుడు చల్లగాలి ఒక్క దుముకు దుమికింది, మళ్ళీ మూసుకుంది. మూడు ముప్పై నాలుగు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో సార్ నాకు నేర్పించారు, అదీ నిజమే. ఎందుకు చేరాలనుకుంటున్నావు అని అడుగుతారు దీవెనా, జవాబు సిద్ధంగా పెట్టుకో అన్నారు. ఆ జవాబు కోసం నెల రోజులుగా కొట్టుకుంటున్నాను. రసాయన శాస్త్రం అంటే నాకు ప్రాణం. అబద్ధం, ఆర్గానిక్ అంటే నాకు జ్వరం వస్తుంది. సమాజానికి సేవ చేయాలని. అదింకా పెద్ద అబద్ధం, సమాజం నాకు సీసాలో నీళ్ళు ఎట్ల పోసిందో నేను చూశాను. లక్ష్మీదేవమ్మ అని ముసలామె, పొలంలో బోరు, పెద్ద రైతులు. అవ్వా, కొంచెం నీళ్ళు పట్టుకుంటా, పరీక్షకు, అంటే నవ్వుతూ రమ్మంది. మోటరు వేసింది. ఎవురి పిల్లవే, అంది. జీవరత్నం కూతుర్ని అవ్వా, అన్నాను. ఏ జీవరత్నం, ఊరవతల పల్లెలో జీవరత్నమా? ఔనన్నాను. నవ్వు పోలేదు, అదే నవ్వు. కానీ, ఆడనే ఉండు పాపా, సీసా కింద పెట్టు, నేను పోస్తా, అంది. చెంబుతో పైనుంచి పోసింది, చెంబు సీసాకు తగలకుండా, నడుం వంగక, మోకాళ్ళు వంగక, సగం నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. నా చెయ్యి తగిలితే మైల పడేంత పవిత్రమైన నీళ్ళు, ఐదు పాయింట్ ఒకటి. ఒకటిన్నర దాటితే తాగకూడదు. ఐదు పాయింట్ ఒకటి ఆమె నలభై ఏళ్ళుగా తాగింది, అందుకే నడుం వంగలేదు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆ నడుము ఒప్పుకోలేదు, అది ఇంకో కోపం.

మా నాయన మెడ తిరగదు. ఎవరన్నా పక్క నుంచి పిలిస్తే ఒళ్ళంతా తిప్పాలి, తలుపు తిరిగినట్లు. నలభై తొమ్మిదేళ్ళు. బస్సులో అరవై దాటిన వాళ్ళ సీటులో కూర్చుంటే ఎవరూ లేపరు. పళ్ళ మీద ఆ గోధుమరంగు చారలు నాకూ ఉన్నాయి, ఫోటోలో నోరు మూసుకునే నవ్వుతాను. సెకండియర్లో సార్ ఫ్లోరైడు పాఠం చెప్తూ ఒక పళ్ళ బొమ్మ చూపించారు, క్లాసులో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం ఆపేశారు, నేను మాత్రం చెయ్యెత్తి, సార్, ఎంత ఉంటే ఇట్ల అవుతాయి, అన్నాను. నువ్వే కనుక్కో, అన్నారు. అంతే. ఆ ఒక్క మాటతో నన్ను లేపి నిలబెట్టారు ఆ మనిషి. పిప్పెట్టు పట్టుకోవడం నేర్పారు. ఇంగ్లీషు రాక నేను నోరు మూసుకుంటే, తెలుగులో చెప్పు, కెమిస్ట్రీకి భాష అక్కర్లేదు, అన్నారు. ఎంట్రెన్సు ఉందని, దానికి బీఎస్సీ మార్కులు చాలవని, పాత ప్రశ్నపత్రాలు పదేళ్ళవి తీసి చేయమని, రాని చాప్టర్లు వదిలేసి వచ్చే చాప్టర్లు గట్టి చేసుకోమని చెప్పింది ఆయనే. మొదటి ఏడు కోచింగు మెటీరియలు మొత్తం మింగబోయి కక్కాను, ర్యాంకు రాలేదు. రెండో ఏడు ఆయన చెప్పినట్లు మార్కాపురం రోడ్డు స్టేషను నుంచి దొనకొండకు పోయే పాసింజర్లో రోజూ ఇరవై లెక్కలు, ఎన్నిసార్లు ఆపినా ఎక్కడ ఆపినా ఇరవై. అట్ల వచ్చింది ఈ ర్యాంకు. అందుకే సార్ మీద ఉమ్మి లేచిపోలేకపోతున్నాను. ఇచ్చిన చెయ్యీ తీసుకున్న చెయ్యీ ఒకటే అయితే దాన్ని ఏం చెయ్యాలో ఏ ప్రశ్నపత్రంలోనూ లేదు.

ఫలితాలు వచ్చిన రోజు, ఊళ్ళల్లో ఇప్పుడే చెప్పబాక, పేపరు వచ్చినాక చెప్దాం, జనం భయపడతారు అన్నారు సార్. సరే సార్ అన్నాను. నేను సరే సార్ అన్నాను! ఆ రోజు నేను అన్న సరే మీద ఇప్పుడు నాకున్నంత కోపం ఆయన మీద కూడా లేదేమో. రెండు నెలలు నోరు మూసుకున్నాను. ఏ పిల్లకు ఆ నీళ్ళు పట్టారో, ఏ పాలు ఆ నీళ్ళతో కలిపారో. తర్వాత ఉండలేక పోయిన నెల సైకిలెక్కి లక్ష్మీదేవమ్మ దగ్గరకే ముందు పోయాను. అవ్వా, ఆ బోరు నీళ్ళు తాగబాకండి, వంటకు కూడా వద్దు, దానిలో ఉండాల్సినదానికన్నా మూడింతలు ఎక్కువుంది, అని చెప్పాను. ఎవురు చెప్పినారు? నేనే అవ్వా, పరీక్ష చేయించినా. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. నువ్వా? మీ సారు వచ్చి చెప్పమను, అప్పుడు చూద్దాం. కొడుకు పక్కనుంచి, బోరు పూడ్పిచ్చేదానికి ఎవురో ఈ పిల్లను పంపినట్లుండాదిలే అన్నాడు. తిరిగొస్తుంటే ఏడుపు రాలేదు. నా నోట్లోంచి వస్తే అంకె కూడా అంకె కాదన్నమాట. ఐదు పాయింట్ ఒకటి ఎవరు చెప్పినా ఐదు పాయింట్ ఒకటే అనుకున్నాను, కెమిస్ట్రీ చదివింది అందుకే, అందులో నా ఇంటిపేరు, నా పల్లె అడగరని. అడుగుతారు. ఆ రోజు రాత్రి అనుకున్నాను, ఇంటర్వ్యూలో ఇదే చెప్తాను, నేను ఒక అంకె చెప్తే ఎవరు చెప్పారు అని ఎవరూ అడక్కూడదు, అందుకు చదవాలి నేను, అని. నెల రోజుల్లో అదొక్కటే అబద్ధం కాని జవాబు. ఈ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు అది కూడా చచ్చిపోయింది. పెద్ద చదువులు చదివిన చోట కూడా అడుగుతారు, ఎవరు చెప్పారు అని. అడిగి, పేరు మార్చేస్తారు.

మరి ఎందుకు పోవాలి? మూడు నలభై ఎనిమిది. పోయి, రెండేళ్ళు ఎమ్మెస్సీ, ఆ తర్వాత ఐదేళ్ళు పీహెచ్‌డీ, ఇట్లాంటి తలుపుల ముందు ఇట్లాంటి బల్లల మీద ఏడేళ్ళు కూర్చోవడానికా? దొనకొండ స్కూల్లో సైన్సు టీచరు కావాలన్నారు, సోమవారం నుంచే రమ్మన్నారు. పిల్లలకు పిప్పెట్టు పట్టుకోవడం నేర్పించవచ్చు. పొద్దున ఫోటో చూసి నేను అన్నం ముందు కూర్చుని ముట్టకపోతే నాయన ఒళ్ళంతా తిప్పి నా వైపు కూర్చున్నాడు. విషయం చెప్పాను. కంచం నా ముందుకు జరిపాడు. తర్వాత, సారుతో గొడవ పెట్టుకోబాకమ్మా, అన్నాడు. నీ పేరు లేకపోతే ఏంది, నీ చదువు నీకుండాదిగా. కాగితం తెచ్చుకో, పో. నాయనా, నువ్వు కోసిన కంది ఇంకొకడు కోసినాడని రాసుకుంటే ఊరుకుంటావా? అన్నాను. ఊరుకోక, అన్నాడు, ఎన్నిసార్లు ఊరుకున్నానో నీకేం తెలుసు. ఆ మాట అని నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి నాకు కంచం విసిరేయాలనిపించింది. విసరలేదు. తినేశాను, ఆ నీళ్ళతో వండిన అన్నమే, మొత్తం, మెతుకు మిగల్చకుండా. మా ఇంట్లో ఊరుకోవడం కూడా వండి పెడతారు.

"దీవెనా, రమ్మంటున్నాడు సారు," అన్నాడు పుల్లయ్య తాత. లోపల ఉన్నవాళ్ళు బయటికి వచ్చారు, పక్కకు తప్పుకుని లోపలికి పోయాను. నాలుగూ ఐదు. ఉత్తరం ముందే ఉంది బల్ల మీద, లెటరు హెడ్డు మీద, సంతకంతో, ముద్రతో. పోయిన వారం, నువ్వే రాసుకుని రా, నేను సరిచేసి సంతకం పెడతా అన్నారు. మన గురించి మనం ఆమె అని రాసుకోవడం ఎంత సిగ్గో ఆ రోజు తెలిసింది. ఆమె తెలివైనది అని రాసి కొట్టేశాను, ఆమె కష్టపడుతుంది అని రాసి ఉంచాను. ఒక్క వాక్యం మాత్రం సిగ్గు పడకుండా రాశాను, నలభై ఒక్క బోర్లను దీవెన తానే స్వయంగా సర్వే చేసింది అని. ఇప్పుడు నిలబడే చదివాను. తెలివైనది అని ఆయనే చేర్చారు. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో ఇట్లాంటి విద్యార్థిని అరుదు అన్నారు. నేను రాసిన వాక్యం దగ్గర, నేను చేసిన ఫ్లోరైడు సర్వేలో నాకు సహాయపడింది, అని ఉంది.

"సార్, పేపరు చూసినాను," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "ఎవరు చూపించినారు?"

"నా పేరు లేదు సార్."

"కూర్చో." కూర్చోలేదు. "దీవెనా, నీకు ఈ లోకం తెలీదు. డిగ్రీ పిల్ల పేరు వేస్తే పేపరు తీసుకుంటారా వాళ్ళు? నాకు ప్రమోషనుకు రెండు పేపర్లు కావాల. ల్యాబు మాట్లాడింది ఎవరు, నేను. ఎట్ల చెయ్యాలో చెప్పింది ఎవరు, నేను. నువ్వు నీళ్ళు పట్టుకొచ్చినావు, కాదంటానా? అదే రాసినాగా, సహాయపడింది అని."

"గాజు సీసాలని రాసినారు సార్."

"ఏంది?"

"ఫ్లోరైడుకు గాజు సీసాలు వాడకూడదు సార్. అవి ప్లాస్టిక్కువి."

ఆ క్షణంలో ఆయన మొహంలో ఒకటి చూశాను, సిగ్గు కాదు, విసుగు. పరీక్షలో ఒక మార్కు తక్కువేశారని అడగొచ్చిన పిల్లను చూసే విసుగు. అంతవరకూ లోపల ఒక మూల, సార్ తప్పయిపోయిందమ్మా అంటారని, నేను పర్లేదు సార్ అంటానని, ఎదురు చూస్తూనే ఉన్నాను కాబోలు. ఆ మూల అప్పుడు ఖాళీ అయింది.

"లెటరు కావాలా, వద్దా?" అన్నారు ఉత్తరం మీద చెయ్యి పెట్టి.

"కావాలి సార్," అన్నాను.

తీసుకుని మెట్లు దిగాను. కావాలి సార్ అన్న నోరు నాది, సరే సార్ అన్న నోరు ఇదే, దీన్ని ఏం చెయ్యాలి? ఎండ నెత్తి మీద కొట్టింది. రాతి పలకల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది, దుమ్ములోనే నడిచాను. నెట్ సెంటరులో రెండు సిస్టమ్‌లు, ఒకదాని ముందు ఎవరో ఆధారు మార్పించుకుంటున్నారు, ఇంకోదాని ముందు కూర్చున్నాను, నాలుగూ ఇరవై రెండు. ఉత్తరం స్కాను చేయించాను. అప్‌లోడ్ అయింది, పచ్చ టిక్కు పడింది. ఇంక కింద సబ్మిట్ బటను ఒకటే. ఇది చదివి వాళ్ళు, ఎవరికో సహాయపడిన పిల్ల, మంచి పిల్ల, చెప్పిన మాట వినే పిల్ల అనుకుంటారు. సీటిస్తారు కూడా. పోయి ఏడేళ్ళు సహాయపడతాను. బటను పైన ఒక పెట్టె ఉంది, ఇంకా ఏమైనా చెప్పదలిస్తే మూడు వందల మాటలు మించకుండా, అని. అందరూ ఖాళీగా వదిలేస్తారని ప్రియదర్శిని చెప్పింది. దానికే ఫోన్ చేశాను. ఉన్నది రాస్తానే అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? సారు మీదనే రాస్తావా, సారు లెటరు పెట్టి? గొడవల పిల్ల అనుకుంటారు వాళ్ళు. సీటు రానీ ముందు, తర్వాత చూసుకోవచ్చు."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"సీటు వచ్చినాక."

"సీటు వచ్చినాక డిగ్రీ రానీ అంటావు. డిగ్రీ వచ్చినాక ఉద్యోగం రానీ అంటావు."

"రాస్తే, నేనే ఆ పుస్తకం చూపించినానని రాయబాక, నా ఉద్యోగం పోతాది," అంది చిన్నగా. రాయనన్నాను. దాని మీద కోపం రాలేదు. ఎవరి భయం వాళ్ళది.

రాశాను. నా ఇంగ్లీషు సార్ రాసినట్లు ఉండదు, పొట్టి వాక్యాలు, ఒక్కోటి బల్ల మీద పెట్టిన సీసాలా. ఈ ఉత్తరంలో సహాయపడింది అని ఉన్నది నిజం కాదు. నలభై ఒక్క బోర్ల నీళ్ళు పట్టింది నేను. ఊరు, తేదీ, టైము రాసిన నోటుపుస్తకం నా దగ్గర ఉంది, తెస్తాను. పేపర్లో గాజు సీసాలు అని ఉంది, నేను వాడింది ప్లాస్టిక్కువి, గాజువైతే ఆ అంకెలు నమ్మకూడదు. శ్రీకాంత్ సార్ నాకు కెమిస్ట్రీ నేర్పారు, అది నిజం. నా పని తన పనిగా వేసుకున్నారు, అది కూడా నిజం. అందుకే ఆయన ఉత్తరం పెడుతున్నాను, ఇది కూడా పెడుతున్నాను. రెండూ చదవండి. చదివి నన్ను పిలవడం మీకు కష్టమైతే నాకు చెప్పండి, బస్సు ఎక్కకుండా ఉంటాను. చివరి వాక్యం పొగరుగా ఉందని కొట్టేశాను. మళ్ళీ పెట్టాను. నాలుగు యాభై రెండు. పక్కన ఆధారు మార్పించుకునే పెద్దాయన, ఏం పాపా, ఏడుస్తున్నావా అన్నాడు. లేదు తాతా, అన్నాను, నిజంగానే ఏడవడం లేదు, పళ్ళు బిగబట్టి ఉన్నాను అంతే. బటను నొక్కాను. తిరిగింది, తిరిగింది, తిరిగింది. మీ దరఖాస్తు అందింది అని వచ్చింది.

ఆ రాసింది ఫోటో తీసి శ్రీకాంత్ సార్‌కు కూడా పంపాను. వెనక నుంచి చెప్పానని ఎవరూ అనకూడదు. బస్టాండు దాకా రాకముందే ఫోన్ వచ్చింది.

"ఏం చేసినావు దీవెనా ఇది? నన్నొక మాట అడగకుండా నా గురించి ఎట్ల రాస్తావు?"

"మీరు నన్ను అడిగినారా సార్?"

గాలి పీల్చిన చప్పుడు వినబడింది. తిడతారనుకున్నాను, తిట్టలేదు, గొంతు చల్లగా అయింది, క్లాసులో అందరి ముందు బోర్డు దగ్గరికి పిలిచే గొంతు. "సరే. నీ పనే అన్నావుగా. వాళ్ళు ఊరకనే వదలరు నిన్ను. ఒక్కో అంకె పట్టుకుని అడుగుతారు. మీటరు ఎట్ల పనిచేస్తాది, బఫరు ఎందుకు కలుపుతారు, స్టాండర్డు ద్రావణం ఎట్ల చేస్తారు. ఆ ల్యాబులో బటను నొక్కింది నువ్వు కాదు. చెప్పగలవా?"

"చెప్తా సార్," అని పెట్టేశాను.

చెప్పలేను. అదీ ఆ మనిషి దెబ్బ, సరిగ్గా తెలిసిన చోట కొట్టారు. నా నోటుపుస్తకంలో ఊళ్ళున్నాయి, తేదీలున్నాయి, అంకెలున్నాయి. ఆ అంకె మీటరులోంచి ఎట్ల వస్తుందో లేదు. సీసాలు ఇచ్చి కుర్చీలో కూర్చునేదాన్ని, రేణుక మేడం చదివితే రాసుకునేదాన్ని. దొనకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, కండక్టరు ఊరి పేరు అరుస్తున్నాడు, కిటికీ సీటు ఖాళీగా కనబడుతోంది. పరుగెత్తాను, బస్సు వైపు కాదు. ల్యాబు ఐదున్నరకు మూస్తారు. కాలి చెప్పు తెగింది, చేత్తో పట్టుకుని పోయాను. ఆమె అప్పటికే తాళం వేస్తోంది, భుజాన బ్యాగు, చేతిలో కూరగాయల కవరు. నన్ను చూసి, ఏంది ఈ వాలకం, అంది. ఆయాసంలోనే, నిలబడే, అంతా చెప్పాను, పేపరు, ఉత్తరం, పెట్టె, ఫోన్, మీటరు నాకు రాదని కూడా. ఆమె చాలాసేపు తాళం చెవి వేలికి తిప్పుకుంటూ విన్నది.

"పేపర్లో నా పేరు ఉందా?" అంది.

"లేదు మేడం. ల్యాబు పేరు కూడా లేదు."

ఆమె నవ్వలేదు. తాళం చెవి బ్యాగులో వేసుకుంది. "నువ్వు రాసిన దాంట్లో?"

మూడు వందల మాటల్లో ఆమె పేరు నేను కూడా రాయలేదు. నలభై ఒక్క సీసాలకు మీటరు పెట్టిన మనిషి. పట్టింది నేను, పట్టింది నేను అని రాశానే గానీ. మొహం మాడిపోయింది. "లేదు మేడం," అన్నాను. "తప్పు నాది. ఇంటర్వ్యూలో మొదట మీ పేరే చెప్తా. వాళ్ళకు రాసి కూడా పంపుతా, ఈ రోజే."

ఆమె నన్ను చూస్తూ ఉండిపోయింది, చెప్పు పట్టుకున్న చేతినీ, దుమ్ము పట్టిన మొహాన్నీ. "రాసి పంపు," అంది చివరికి. "ఎనిమిదింటికి రా రేపు. స్టాండర్డు చేసేకాడి నుంచి మొదలుపెడదాం, తొమ్మిది రోజులు రోజూ రావాల. నేను చేసి చూపీను, నువ్వే చెయ్యాల. ఇట్ల కోపంగా మాత్రం రాబాక, చేతులు వణుకుతాయి, రీడింగు తప్పు వస్తాది."

"కోపంగానే వస్తా మేడం," అన్నాను. "చేతులు వణకనియ్యను."